యూనిట్ - 12: అయస్కాంత బయోసెన్సర్లు – సున్నితత్వాన్ని పెంచే మార్గాలు

విషయక్రమం

12.0 లక్ష్యాలు
12.1 పరిచయం
12.2 అయస్కాంత బయోసెన్సర్ పనిచేసే తీరు
12.3 'సున్నితత్వం' అనే మాటకు మూడు అర్థాలు
12.4 రేణువు, దూరం
12.5 సెన్సర్ పొరలు
12.6 రొదను తగ్గించడం
12.7 ఉపరితల రసాయనం
12.8 ఏ మెరుగుదల ముందు?
12.9 సారాంశం
12.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు
12.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

12.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• అయస్కాంత బయోసెన్సర్ పనిచేసే సూత్రాన్ని వివరించగలుగుతారు.
• సున్నితత్వానికి, శోధన అవధికి మధ్య తేడాను లెక్కతో సహా చూపగలుగుతారు.
• రేణువు పరిమాణం, దూరం, సెన్సర్ రకం, రొద, ఉపరితల రసాయనం ఫలితాన్ని ఎలా మారుస్తాయో చెప్పగలుగుతారు.
• ఒక పరికరాన్ని మెరుగుపరచాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో నిర్ణయించగలుగుతారు.

12.1 పరిచయం

ఛాతీలో నొప్పి అంటూ ఒక వ్యక్తి ఆసుపత్రికి వచ్చాడనుకోండి. ఇ.సి.జి. తీస్తే స్పష్టంగా ఏమీ కనిపించలేదు. అది గుండెపోటా, కడుపులో మంట వల్ల వచ్చిన నొప్పా? ఇలాంటి సందర్భంలో డాక్టరు రక్తంలో ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌ను పరీక్షించమంటారు. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు ఈ ప్రొటీన్ రక్తంలోకి విడుదలవుతుంది.

అయితే మొదటి గంటల్లో అది చాలా తక్కువగా ఉంటుంది. అధిక సున్నితత్వం గల ట్రోపోనిన్-టి పరీక్షలో సాధారణంగా వాడే హద్దు లీటరుకు 14 నానోగ్రాములు. ఇది ఎంత తక్కువో ఒకసారి లెక్క వేద్దాం. ట్రోపోనిన్-టి అణుభారాన్ని సుమారు 37,000 గా తీసుకుంటే, ఆ గాఢత వద్ద ఒక మైక్రోలీటరు ద్రవంలో దాదాపు 2.3 లక్షల ట్రోపోనిన్ అణువులు ఉంటాయి. సంఖ్య పెద్దదిగానే కనిపిస్తుంది. కాని అదే మైక్రోలీటరులో ఆల్బుమిన్ అనే మరో ప్రొటీన్ కూడా ఉంది. ఒక్కొక్క ట్రోపోనిన్ అణువుకు దాదాపు 160 కోట్ల ఆల్బుమిన్ అణువులు ఉంటాయి. అంత గుంపులో ఆ ఒక్కదాన్ని గుర్తించాలి. అదీ కొద్ది నిమిషాల్లో, వీలైతే రోగి మంచం పక్కనే.

ఈ పనికి ప్రయోగశాలల్లో రంగు మార్పును, కాంతి ఉద్గారాన్ని కొలిచే పద్ధతులు చాలాకాలంగా ఉన్నాయి. వాటికి ఒక ఇబ్బంది ఉంది. రక్తానికి తనదైన రంగు ఉంది. అందులోని కొన్ని పదార్థాలు తమంతట తామే ప్రతిదీప్తిని ఇస్తాయి. ఎర్రకణాలు చితికితే కాంతి కొలతలు మరింత దెబ్బతింటాయి. అయస్కాంత పద్ధతికి ఈ ఇబ్బంది దాదాపు లేదు. నీరు, ప్రొటీన్లు, లవణాలు అన్నీ అతి బలహీనమైన అయస్కాంత ధర్మాలే గలవి. కాబట్టి రక్త నమూనాలో మనం కలిపిన అయస్కాంత రేణువులు తప్ప బలమైన అయస్కాంత సంకేతం ఇచ్చేది వేరే ఏదీ ఉండదు. చీకటి గదిలో దీపం వెలిగించినట్లన్న మాట. అయస్కాంత బయోసెన్సర్‌కు ఉన్న అసలు బలం ఇదే. దీన్ని మనసులో ఉంచుకొని ముందుకు సాగండి.

12.2 అయస్కాంత బయోసెన్సర్ పనిచేసే తీరు

ఇది నాలుగు దశల్లో జరుగుతుంది.

1. సెన్సర్ ఉపరితలం మీద, మనం వెతికే ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకొనే ప్రతిదేహాలను, అంటే యాంటీబాడీలను, అతికిస్తారు.
2. రోగి నమూనాను దాని మీద పోస్తారు. వెతుకుతున్న ప్రొటీన్ యాంటీబాడీలకు చిక్కుతుంది. మిగిలినదాన్ని కడిగేస్తారు.
3. రెండో రకం యాంటీబాడీ తగిలించిన అయస్కాంత రేణువులను పంపుతారు. అవి చిక్కిన ప్రొటీన్‌కు రెండో వైపున అతుక్కుంటాయి. ప్రొటీన్ రెండు యాంటీబాడీల మధ్య ఇరుక్కుంటుంది కాబట్టి దీన్ని శాండ్‌విచ్ పద్ధతి అంటారు.
4. బయటి నుంచి అయస్కాంత క్షేత్రాన్ని ప్రయోగిస్తే రేణువులు అయస్కాంతీకరణ చెందుతాయి. వాటి క్షేత్రం వల్ల సెన్సర్ విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును వోల్టేజిగా కొలుస్తారు.

అయస్కాంత క్షేత్రం వల్ల నిరోధం గణనీయంగా మారే గుణాన్ని పలుచని లోహ పొరల్లో 1988లో ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బర్గ్ విడివిడిగా కనుగొన్నారు. దీన్నే బృహత్ అయస్కాంత నిరోధం లేదా జి.ఎం.ఆర్. అంటారు. ఇందుకు వారిద్దరికీ 2007లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. కంప్యూటర్ హార్డ్ డిస్కుల్లో సమాచారాన్ని చదవడానికి ఉపయోగపడిన ఈ గుణాన్ని 1998లో అమెరికా నౌకాదళ పరిశోధన ప్రయోగశాలకు చెందిన బృందం జీవపదార్థాలను గుర్తించడానికి వాడి చూపింది.

12.3 'సున్నితత్వం' అనే మాటకు మూడు అర్థాలు

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒకే మాటను ముగ్గురు మూడు అర్థాల్లో వాడతారు.

ఇంజనీరుకు: గాఢత ఒక యూనిట్ పెరిగితే సంకేతం ఎంత పెరుగుతుందో అది సున్నితత్వం. అంటే క్రమాంకన రేఖ వాలు.

విశ్లేషణ రసాయనవేత్తకు: ఎంత తక్కువ గాఢతను నమ్మకంగా గుర్తించగలమన్నది ముఖ్యం. దీని సరైన పేరు శోధన అవధి. వెతికే పదార్థం ఏమీ లేని ఖాళీ నమూనాను అనేకసార్లు కొలిచి, ఆ విలువల ప్రామాణిక విచలనాన్ని కనుక్కుంటారు. దాన్ని 3తో గుణించి వాలుతో భాగిస్తే శోధన అవధి వస్తుంది.

డాక్టరుకు: నిజంగా జబ్బు ఉన్న 100 మందిలో పరీక్ష ఎంతమందిని పట్టుకుంటుందో అది సున్నితత్వం. 90 మందిని పట్టుకుంటే 90 శాతం.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడండి. గాఢత యూనిట్ 'లీటరుకు నానోగ్రాము' అనుకుందాం.

సెన్సర్ అ: వాలు 2 మైక్రోవోల్టులు; ఖాళీ నమూనా విచలనం 4 మైక్రోవోల్టులు; శోధన అవధి = 3 × 4 ÷ 2 = 6.
సెన్సర్ ఆ: వాలు 6 మైక్రోవోల్టులు; విచలనం 15 మైక్రోవోల్టులు; శోధన అవధి = 3 × 15 ÷ 6 = 7.5.
సెన్సర్ ఇ: వాలు 2 మైక్రోవోల్టులు; విచలనం 1 మైక్రోవోల్టు; శోధన అవధి = 3 × 1 ÷ 2 = 1.5.

'ఆ' సెన్సర్ వాలు 'అ' కంటే మూడు రెట్లు ఎక్కువ. అయినా అది గుర్తించగల కనిష్ఠ గాఢత మెరుగుపడలేదు సరికదా, కొంచెం దిగజారింది. 'ఇ' సెన్సర్ వాలు ఏమాత్రం పెరగలేదు. రొద తగ్గడం వల్లనే అది అన్నిటికంటే మేలైనదయింది. సంకేతాన్ని పెంచడం ఒక్కటే సరిపోదు. సంకేతానికి, రొదకు ఉన్న నిష్పత్తి పెరగాలి. ఈ యూనిట్ మొత్తానికి ఇదే కీలకమైన మాట.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
గమనిక: జవాబులను విడిగా రాసుకొని, 12.10 లోని జవాబులతో సరిచూసుకోండి.
1. ఒక సెన్సర్ వాలు 5 మైక్రోవోల్టులు, ఖాళీ నమూనా విచలనం 5 మైక్రోవోల్టులు. శోధన అవధి ఎంత?
2. రక్తంలో అయస్కాంత పద్ధతికి కాంతి పద్ధతి కంటే ఉన్న ముఖ్య సౌలభ్యం ఏమిటి?

12.4 రేణువు, దూరం

12.4.1 రేణువు స్వభావం

వాడే రేణువులు సాధారణంగా ఐరన్ ఆక్సైడ్‌తో, ముఖ్యంగా మాగ్నటైట్‌తో తయారవుతాయి. సుమారు 20 నానోమీటర్ల లోపు మాగ్నటైట్ రేణువులు సూపర్‌పారా అయస్కాంత ధర్మాన్ని చూపుతాయి. అంటే బయటి క్షేత్రం ఉన్నప్పుడు బలంగా అయస్కాంతీకరణ చెందుతాయి, క్షేత్రం తీసేస్తే ఆ గుణాన్ని కోల్పోతాయి. ఇది మనకు ఎంతో అవసరం. శాశ్వత అయస్కాంతాల్లా ఉంటే అవి ద్రవంలోనే ఒకదానికొకటి అంటుకొని ముద్దకట్టేవి.

రేణువు అయస్కాంత భ్రామకం దాని ఘనపరిమాణానికి అనుపాతంలో ఉంటుంది. వ్యాసం రెట్టింపయితే భ్రామకం 8 రెట్లవుతుంది. మరి పెద్ద రేణువులే వాడవచ్చు కదా అని మీరు అడగవచ్చు. 1998 నాటి పరికరంలో సుమారు 3 మైక్రోమీటర్ల పూసలనే వాడారు. ఒక్కొక్క పూసను గుర్తించడం వాటితో తేలిక. కాని వాటితో మూడు చిక్కులున్నాయి. మొదటిది, ద్రవంలో వ్యాపన గుణకం వ్యాసానికి విలోమానుపాతంలో ఉంటుంది. 50 నానోమీటర్ల రేణువుతో పోలిస్తే 3 మైక్రోమీటర్ల పూస వ్యాపనం 60 రెట్లు నెమ్మది. రెండోది, బరువైన పూస కిందికి దిగి, ప్రొటీన్ లేని చోట కూడా కూర్చుంటుంది. మూడోది, ఒక పెద్ద పూస కింద అనేక ప్రొటీన్ అణువులు ఉండవచ్చు, ఒక్కటే ఉండవచ్చు. అందువల్ల పూసల లెక్క ప్రొటీన్ల లెక్కకు సరిపోదు. ఈ కారణాల వల్ల తరవాతి కాలంలో చాలా బృందాలు 50 నానోమీటర్ల ప్రాంతంలోని రేణువుల వైపు మళ్లాయి.

పరిమాణం పెంచకుండా భ్రామకాన్ని పెంచే దారి, పదార్థాన్ని మార్చడం. మాగ్నటైట్ సంతృప్త అయస్కాంతీకరణ మీటరుకు సుమారు 4.8 లక్షల ఆంపియర్లు. ఇనుముది సుమారు 17 లక్షలు. అంటే అదే పరిమాణంలో దాదాపు మూడున్నర రెట్లు. అయితే ఇనుప నానోరేణువు గాలి, నీరు తగిలితే త్వరగా ఆక్సీకరణ చెందుతుంది. దానికి రక్షణ పూత వేయాలి. ఆ పూత మందం వల్ల రేణువు సెన్సర్‌కు కొంత దూరమవుతుంది. ఆ దూరం ఖరీదెంతో ఇప్పుడు చూద్దాం.

12.4.2 దూరం

ఒక చిన్న అయస్కాంతం క్షేత్రం దూరం ఘనానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. దూరం రెట్టింపయితే క్షేత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సంతృప్త స్థితిలో ఉన్న 20 నానోమీటర్ల మాగ్నటైట్ రేణువు అక్షం మీద, దాని కేంద్రం నుంచి వివిధ దూరాల్లో ఉండే క్షేత్రం ఇలా వస్తుంది:

50 నానోమీటర్ల వద్ద – సుమారు 3.2 మిల్లీటెస్లా
100 నానోమీటర్ల వద్ద – సుమారు 0.4 మిల్లీటెస్లా
200 నానోమీటర్ల వద్ద – సుమారు 0.05 మిల్లీటెస్లా
1000 నానోమీటర్ల వద్ద – సుమారు 0.0004 మిల్లీటెస్లా

మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 0.04 మిల్లీటెస్లా. అంటే 200 నానోమీటర్ల దూరానికే రేణువు క్షేత్రం భూమి క్షేత్రంతో సమానమైన స్థాయికి దిగింది. ఈ విలువలు ఒక్క బిందువు వద్దవి అని గుర్తుంచుకోండి. సెన్సర్ రేణువు కంటే ఎంతో వెడల్పుగా ఉంటుంది. కాబట్టి దాని విస్తీర్ణమంతటా సగటు తీస్తే సంకేతం ఇంకా చిన్నదవుతుంది. పైగా వాడే క్షేత్రంలో రేణువు పూర్తిగా సంతృప్తం కాకపోవచ్చు.

సెన్సర్‌కు, రేణువుకు మధ్య రెండు యాంటీబాడీలు, వాటి మధ్య ప్రొటీన్, అడుగున ఒక రక్షణ పొర ఉంటాయి. యాంటీబాడీ పొడవు 10 నుంచి 15 నానోమీటర్లు. దాన్ని మనం తగ్గించలేం. తగ్గించగలిగింది సిలికాన్ ఆక్సైడ్ లేదా సిలికాన్ నైట్రైడ్‌తో వేసే రక్షణ పొరనే. కాని అది మరీ పలుచనైతే ఉప్పు ద్రవం లోపలికి చేరి లోహ పొరలు తుప్పుపడతాయి, విద్యుత్తు కారుతుంది. అందుకే సూక్ష్మరంధ్రాలు లేని పలుచని పొర వేయగలగడం ఈ రంగంలో పెద్ద నైపుణ్యం.

12.5 సెన్సర్ పొరలు

జి.ఎం.ఆర్. సెన్సర్లలో ఎక్కువగా వాడేది స్పిన్ వాల్వ్. ఇందులో రెండు ఫెర్రో అయస్కాంత పొరల మధ్య పలుచని రాగి పొర ఉంటుంది. ఒక పొర అయస్కాంతీకరణ దిశ స్థిరంగా ఉంటుంది. రెండోది బయటి క్షేత్రాన్ని బట్టి తిరుగుతుంది. రెండూ ఒకే దిశలో ఉంటే నిరోధం తక్కువ, వ్యతిరేక దిశల్లో ఉంటే ఎక్కువ. ఈ మార్పు సాధారణంగా 10 శాతం ప్రాంతంలో ఉంటుంది.

రాగికి బదులు ఒకటి రెండు నానోమీటర్ల విద్యుత్ బంధక పొర పెడితే ఎలక్ట్రాన్లు క్వాంటమ్ టన్నెలింగ్ ద్వారా దాన్ని దాటుతాయి. ఇది టి.ఎం.ఆర్. సెన్సర్. గది ఉష్ణోగ్రత వద్ద చెప్పుకోదగ్గ టి.ఎం.ఆర్. 1995లో సాధ్యమయింది. 2004లో మెగ్నీషియం ఆక్సైడ్ పొరతో మార్పు 200 శాతం ప్రాంతానికి చేరింది. ఆ తరవాత ప్రయోగశాలల్లో 600 శాతం దాటిన ఫలితాలు కూడా వచ్చాయి.

అంకెలు చూస్తే టి.ఎం.ఆర్.దే గెలుపు. కాని 12.3 లోని 'ఆ' సెన్సర్‌ను గుర్తుకు తెచ్చుకోండి. తక్కువ పౌనఃపున్యాల వద్ద టి.ఎం.ఆర్. సెన్సర్ రొద ఎక్కువ. అంతేకాక, విద్యుత్తు పొరలకు అడ్డంగా ప్రవహించాలి కాబట్టి పైన ఒక లోహ ఎలక్ట్రోడ్ తప్పనిసరి. ఆ ఎలక్ట్రోడ్ మందం రేణువును సెన్సర్‌కు దూరం చేస్తుంది. ఘన నియమం వల్ల ఈ నష్టం చిన్నది కాదు. పై ఎలక్ట్రోడ్‌ను పలుచగా చేయడం, కొలతను ఎక్కువ పౌనఃపున్యానికి మార్చడం – ఈ రెండూ చేసినప్పుడే టి.ఎం.ఆర్. లాభం చేతికందుతుంది.

12.6 రొదను తగ్గించడం

సంకేతంతో పాటు వచ్చే, మనకు అక్కరలేని యాదృచ్ఛిక మార్పులను రొద లేదా నాయిజ్ అంటారు. దీన్ని తగ్గించే నాలుగు పద్ధతులను చూద్దాం.

(అ) పౌనఃపున్యం మార్చడం: ఎలక్ట్రాన్ల ఉష్ణ చలనం వల్ల వచ్చే రొద అన్ని పౌనఃపున్యాల వద్ద ఒకేలా ఉంటుంది. ఫ్లికర్ రొద మాత్రం పౌనఃపున్యం తగ్గేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి స్థిరమైన క్షేత్రంతో కొలవడం అంత మంచిది కాదు. సెన్సర్‌లో ప్రవాహాన్ని 1000 హెర్ట్జ్‌లతో, బయటి క్షేత్రాన్ని 200 హెర్ట్జ్‌లతో మార్చామనుకోండి. రేణువుల సంకేతం 800, 1200 హెర్ట్జ్‌ల వద్ద కనిపిస్తుంది. క్షేత్రాన్ని ఇచ్చే తీగచుట్ట నుంచి నేరుగా ప్రేరణ వల్ల వచ్చే వోల్టేజి 200 వద్దే ఉండిపోతుంది. ఇలా రెండూ విడిపోతాయి. ఎంచుకున్న పౌనఃపున్యాన్ని మాత్రమే పెద్దది చేసే లాక్-ఇన్ వర్ధకంతో దాన్ని కొలుస్తారు.

(ఆ) సరిపోల్చడం: ఉష్ణోగ్రత కొద్దిగా మారినా లోహం నిరోధం మారుతుంది. ఆ మార్పు రేణువుల సంకేతం కంటే పెద్దది కావచ్చు. అందువల్ల యాంటీబాడీ లేని మరో సెన్సర్‌ను పక్కనే ఉంచి, రెండింటినీ వీట్‌స్టన్ బ్రిడ్జిలో కలుపుతారు. రెండింటిలోనూ సమానంగా వచ్చే మార్పు రద్దవుతుంది. తేడా మాత్రమే మిగులుతుంది.

(ఇ) సగటు: స్వతంత్రమైన యాదృచ్ఛిక రొద, కొలతల సంఖ్య వర్గమూలం మేరకు తగ్గుతుంది. 16 సెన్సర్ల సగటు తీస్తే రొద నాలుగో వంతవుతుంది. 12.3 లో 'అ' సెన్సర్ 'ఇ' అయింది ఇలాగే అనుకోవచ్చు. కాని 100 సెన్సర్లు పెట్టినా పదో వంతే. పైగా అన్నిటిలో ఒకేలా వచ్చే దోషాన్ని సగటు తొలగించలేదు.

(ఈ) క్షేత్రాన్ని పోగుచేయడం: సులభంగా అయస్కాంతీకరణ చెందే నికెల్–ఇనుము మిశ్రలోహపు పట్టీలను సెన్సర్‌కు రెండు పక్కల అమర్చితే అవి బయటి క్షేత్రాన్ని పోగుచేస్తాయి. ఈ పద్ధతి దూరం నుంచి వచ్చే క్షేత్రాలకు బాగా ఉపకరిస్తుంది. ఉపరితలానికి అంటుకున్న రేణువు క్షేత్రం స్థానికమైనది కాబట్టి ఇక్కడ దాని లాభం పరిమితం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
3. రేణువు కేంద్రానికి, సెన్సర్‌కు మధ్య దూరాన్ని 60 నుంచి 40 నానోమీటర్లకు తగ్గిస్తే క్షేత్రం ఎన్ని రెట్లవుతుంది?
4. 25 సెన్సర్ల సగటు తీస్తే స్వతంత్ర రొద ఎంతకు తగ్గుతుంది?

12.7 ఉపరితల రసాయనం

ఇంతవరకు భౌతికశాస్త్రం. కాని అనేక సందర్భాల్లో శోధన అవధిని నిర్ణయించేది రసాయనమే. ప్రొటీన్ లేకపోయినా కొన్ని రేణువులు ఉపరితలానికి అంటుకుంటాయి. దీన్ని అవిశిష్ట బంధనం అంటారు. సెన్సర్ దృష్టిలో సరైన రేణువుకు, పొరపాటున అంటుకున్న రేణువుకు తేడా లేదు. ఎంత మంచి సెన్సర్ తెచ్చినా అది ఈ తప్పుడు రేణువులను కూడా అంతే శ్రద్ధగా లెక్కపెడుతుంది. వాటి సంఖ్య ఒక పరీక్షకు, మరో పరీక్షకు మారుతుంటే, ఖాళీ నమూనా విచలనం పెరిగి శోధన అవధి దెబ్బతింటుంది.

దీనికి మూడు మార్గాలున్నాయి. ఖాళీగా ఉన్న ఉపరితలాన్ని ఆల్బుమిన్ వంటి ప్రొటీన్‌తో ముందే నింపడం ఒకటి. ప్రొటీన్లను దరిచేరనివ్వని పాలిఇథిలీన్ గ్లైకాల్ వంటి పూత వేయడం రెండోది. మూడోది అయస్కాంత పద్ధతికే ప్రత్యేకం: తక్కువ బలంతో అంటుకున్న రేణువులను అయస్కాంత క్షేత్ర ప్రవణతతో పైకి లాగివేయడం. యాంటీబాడీ బంధం గట్టిది కాబట్టి సరైన రేణువులు నిలుస్తాయి. పూసలు పెద్దవైతే ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. 50 నానోమీటర్ల రేణువు మీద లాగే బలం చాలా తక్కువ. పెద్ద పూసల వల్ల లాభం లేదని 12.4 చదివి అనుకొని ఉంటే, ఇక్కడ వాటికి ఉన్న విలువను గమనించండి.

2009లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని షాన్ వాంగ్ బృందం జి.ఎం.ఆర్. సెన్సర్లతో రక్త సీరం, మూత్రం, లాలాజలం వంటి భిన్న ద్రవాల్లో ప్రొటీన్లను కొలిచి, ద్రవం మారినా సంకేతం పెద్దగా మారదని చూపింది. పరిచయంలో చెప్పుకున్న 'చీకటి గది' సౌలభ్యానికి ఇది ప్రత్యక్ష నిదర్శనం.

12.8 ఏ మెరుగుదల ముందు?

మీకు ఒక పరికరం ఇచ్చి, దీన్ని మెరుగుపరచమంటే ఏం చేస్తారు? ముందు రెండు కొలతలు తీయండి. మొదటిది, ఏ ద్రవమూ, ఏ రేణువూ లేకుండా సెన్సర్ విచలనం. రెండోది, ఖాళీ నమూనాతో పరీక్ష మొత్తం చేసినప్పుడు వచ్చే విచలనం. రెండూ దాదాపు సమానమైతే లోపం సెన్సర్‌లోనూ, ఎలక్ట్రానిక్స్‌లోనూ ఉంది. 12.5, 12.6 లోని పద్ధతులు వాడండి. రెండోది ఎంతో పెద్దదైతే లోపం ఉపరితలంలో ఉంది. అప్పుడు ఖరీదైన కొత్త సెన్సర్ కొన్నా ఫలితం మారదు.

చివరిగా డాక్టరు అర్థంలోని సున్నితత్వానికి వద్దాం. శోధన అవధి తగ్గితే ఇంతకుముందు కనిపించని ట్రోపోనిన్ కూడా కనిపిస్తుంది. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నవారిలో గుండెపోటు లేకపోయినా ట్రోపోనిన్ ఎక్కువగా ఉండవచ్చు. కాబట్టి ఒక్క అంకెను చూసి నిర్ణయించరు. కొన్ని గంటల తేడాతో మళ్లీ కొలిచి, విలువ పెరుగుతోందా లేదా అని చూస్తారు. ఆ చిన్న పెరుగుదలను నమ్మాలంటే రెండు కొలతల మధ్య పరికరం తనంతట తాను మారకూడదు. తక్కువ గాఢత వద్ద కూడా మళ్లీ మళ్లీ ఒకే విలువ ఇవ్వాలి. రోగిని ఇంటికి పంపాలా, చేర్చుకోవాలా అన్నది ఆ నిలకడ మీదే ఆధారపడుతుంది.

12.9 సారాంశం

• రక్తంలో సహజమైన అయస్కాంత నేపథ్యం దాదాపు లేకపోవడం అయస్కాంత బయోసెన్సర్ ముఖ్య బలం.
• క్రమాంకన రేఖ వాలు, శోధన అవధి, వైద్యపరమైన సున్నితత్వం – ఈ మూడూ వేరు వేరు.
• రేణువు భ్రామకం వ్యాసం ఘనంతో పెరుగుతుంది. క్షేత్రం దూరం ఘనంతో తగ్గుతుంది.
• టి.ఎం.ఆర్. సెన్సర్ వాలు ఎక్కువ. కాని రొదను, పై పొరల మందాన్ని అదుపు చేయాలి.
• పౌనఃపున్యం మార్చడం, సరిపోల్చడం, సగటు తీయడం రొదను తగ్గిస్తాయి.
• అవిశిష్ట బంధనాన్ని తగ్గించకుండా సెన్సర్‌ను మాత్రమే మెరుగుపరిస్తే ప్రయోజనం తక్కువ.

12.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు

1. 3 × 5 ÷ 5 = లీటరుకు 3 నానోగ్రాములు.
2. రక్తానికి రంగు, ప్రతిదీప్తి ఉన్నాయి. బలమైన అయస్కాంత నేపథ్యం మాత్రం లేదు.
3. 60/40 = 1.5; దాని ఘనం సుమారు 3.4. అంటే 3.4 రెట్లు.
4. 25 వర్గమూలం 5. కాబట్టి ఐదో వంతుకు తగ్గుతుంది.

12.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. అయస్కాంత బయోసెన్సర్ పనిచేసే విధానాన్ని దశలవారీగా వివరించండి.
2. "సంకేతాన్ని పెంచడం ఒక్కటే సరిపోదు." ఈ వాక్యాన్ని సోదాహరణంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో జవాబులు రాయండి.
3. పెద్ద రేణువులకు, చిన్న రేణువులకు ఉన్న లాభనష్టాలను పోల్చండి.
4. జి.ఎం.ఆర్., టి.ఎం.ఆర్. సెన్సర్ల మధ్య భేదాలను తెలపండి.
5. అవిశిష్ట బంధనం అంటే ఏమిటి? దాన్ని తగ్గించే మార్గాలు ఏవి?